తల్లిపువ్వు గీకిన చెయ్యి

బిర్యానీ మాస్టరు పెళ్లాం పన్నెండేళ్లుగా బిర్యానీ ముట్టలేదంటే ఎవరు నమ్ముతారు? సోమందేపల్లె చుట్టుపక్కల ఏ పెళ్లి జరిగినా, ఏ దర్గాలో ఉరుసు జరిగినా డేక్షాల ముందు నిలబడేది ఇమాంసాబే. ఆయన చేతి బిర్యానీ ఉందంటే పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని కూర్చునే మహానుభావులు ఆ చుట్టుపక్కల కోకొల్లలు. ఆయన భార్య ఖాతూన్‌బీ మాత్రం ఇంత తెల్లన్నంలో పప్పుచారు పోసుకుని ఒక మూలకు పోయి తినేది. అడిగితే కడుపులో మంట అనేది. పన్నెండేళ్లుగా ఆరని ఆ మంటేమిటో ఇమాంసాబుకు అంతుబట్టలేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆమె కస్సుమనేది. కస్సుమనే ఓపిక ఉంది గదా, ప్రాణానికేం ఢోకా లేదులే అని ఆయన ఊరుకునేవాడు.

అసలు సంగతి కడుపులో లేదు, జేనుకొండ మీద ఉంది.

జేనుకొండ వాళ్ల ఊరికి తూర్పున, ఊరి నెత్తిమీదే ఉన్నట్టు ఉంటుంది. దాని బండల మీద, నారేపి మానుల బెరడు మీద రాతిపువ్వు పాకేది. మసాలా అంగట్లో పొట్లం కట్టి అమ్మే బూడిదరంగు ఎండు పొర ఉంటుందే, అదే. పువ్వన్నది పేరుకే. కాడ లేదు, వేరు లేదు, పచ్చిగా ఉన్నప్పుడు వాసన కూడా లేదు. వేడి నూనెలో పడ్డాకే దాని ఘనత తెలుస్తుంది. ఇమాంసాబు బిర్యానీకి అంత పేరు రావడానికి సగం కారణం ఆయన చెయ్యి అయితే మిగతా సగం జేనుకొండ. ఈ లెక్క ఆయనే ఒప్పుకునేవాడు, అదీ మంచి హుషారులో ఉన్నప్పుడు.

పువ్వు కోసుకొచ్చేది ఆడవాళ్లు. ఖాతూన్‌బీ కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమెను కొండకు తీసుకుపోయి మూడు ముక్కలు చెప్పింది. బిస్మిల్లా అనుకుని చెయ్యి పెట్టు. గోటితోనే గిల్లు, ఇనుము తాకించొద్దు. ప్రతి బండ మీదా అన్నిటికన్నా పెద్దగా, గుండ్రంగా ఒకటి ఉంటుంది. అది తల్లిపువ్వు, దాని జోలికి పోవద్దు. ముప్పై ఏళ్ల పాటు ఖాతూన్‌బీ ఆ మూడూ తప్పలేదు.

పన్నెండేళ్ల కిందట తప్పింది. వరసగా మూడో కరువు సంవత్సరం అది. కొండ మీద పువ్వు పలచబడింది, మిగిలిన కాస్తా తోటి ఆడవాళ్లు అప్పటికే గిల్లుకుపోయారు. ఉరుసు రెండు రోజుల్లోకి వచ్చింది. అంగడి పువ్వు వాడమంటే ఇమాంసాబు ఒప్పుకోడు. "మన కొండ పువ్వు లేకుంటే నా చెయ్యి ఇరిగినట్టేనే" అని తల పట్టుకుని కూర్చున్నాడు. ఖాతూన్‌బీ ఎవరికీ చెప్పకుండా అట్లకాడ కొంగులో చుట్టుకుని, బండల మధ్య ఇరుకు సందు దాటి కొండ వెనకవైపుకు పోయింది. అక్కడొక బండ మీద చాటంత తల్లిపువ్వు ఉండేది. దాన్ని ఆ ఇనప అట్లకాడతో బరబరా గీకి సంచీలో వేసుకుంది.

ఆ ఏడు ఉరుసు బిర్యానీని ఊరు ఊరంతా మెచ్చుకుంది. మరుసటి ఏడు ఆమె పోయి చూస్తే బండ మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఇక ఆ కొండే ఎక్కలేదు. తర్వాత నాలుగేళ్లలో కొండ పడమటి ముఖమంతా, ఊరికి కనిపించే ముఖమంతా, పువ్వు రాలిపోయి బోడిదయింది. చెట్ల కొసలు ఎండిపోయాయి. అందరూ కాలం మహిమ అన్నారు. ఖాతూన్‌బీ మాత్రం అది తన చేతి పని అనుకుంది. తల్లిని గీకితే పిల్లలు బతుకుతాయా అనుకుంది. గీకిన ఏడే శిక్షగా మానుకున్న ఆ రుచిని ఇక ముట్టనే లేదు. తాను మానుకుంటే అల్లా కరుణించి కొండ మళ్లీ పూస్తుందని ఆమె ఆశ. పొద్దున లేచి వాకిట్లోకి రాగానే మొదట కొండ వైపే చూసేది. పన్నెండేళ్లుగా అదే పని.

ఇప్పుడీ మార్గశిరంలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఇమాంసాబు తమ్ముడి కొడుకు కలీముల్లా ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. హైవే పక్కన ఉన్న ఇనుము ఫ్యాక్టరీలో అతను గేటు సూపర్‌వైజరు. ఆ ఫ్యాక్టరీ వచ్చి పద్నాలుగేళ్లయింది. దానికి రెండో పొగగొట్టం కట్టాలనుకుంటున్నారు. అందుకు సోమవారం ఊళ్లో అధికారుల ముందు ప్రజాభిప్రాయ సభ జరగబోతోంది.

"పెద్దమ్మా, ఇందులో ఒక ఏలిముద్ర ఎయ్యల్ల" అన్నాడు కలీముల్లా.

"ఏమని రాసినారప్పా?"

కలీముల్లా కాస్త నసిగి చదివాడు. జేనుకొండ మీద రాతిపువ్వు అంతరించిపోవడానికీ, అడవి దెబ్బతినడానికీ కారణం స్థానికులు విచ్చలవిడిగా సేకరించడమే తప్ప ఫ్యాక్టరీకీ దానికీ సంబంధం లేదని అందులో ఉంది.

"నువ్వు అందరికంటే పెద్దదానివి. నువ్వేస్తే తక్కినోళ్లు ఏస్తారు. గొట్టం వస్తే ఇంకో నలభైమందికి పని దొరుకుతాది పెద్దమ్మా" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చాడు.

ఖాతూన్‌బీ తిట్టలేదు. చాలాసేపు ఆ కాగితం వైపే చూసింది. తన తప్పును ఎవరో తన ముఖం మీదే చదివినట్టయింది ఆమెకు. ఒంట్లోంచి బరువు దిగినట్టు కూడా అయింది.

"నిజమే గదా రాసినారు. ఏస్తాలేప్పా. అయితే ఈడ కాదు. సోమవారం సభలో అందరి ముందర చెప్పి ఏస్తా."

కలీముల్లా నమ్మలేక రెండుసార్లు అడిగి, సంతోషంగా మోటారు సైకిలెక్కాడు.

శనివారం ఇంకొక మనిషి వచ్చింది. పేరు నందిని. ఉరవకొండ దగ్గర శెనక్కాయ రైతుల పిల్ల, అనంతపురంలో చదువుకుంటూ రాతిపువ్వు మీద పరిశోధన చేస్తోంది. రాతిపువ్వు మీద కూడా చదువులుంటాయని విని ఇమాంసాబు నోరు తెరిచాడు.

"అవ్వా, ఈ కొండ మీద పువ్వు ముందు యాడాడ ఉండేదో నీకే తెలుసంట. రేపు నాతోపాటు వచ్చి చూపిస్తావా?" అని అడిగింది నందిని.

ఖాతూన్‌బీ మొదట రానంది. కాళ్ల నొప్పులంది, పొయ్యి మీద పాలంది. కానీ ఎల్లుండి సభలో తప్పు ఒప్పుకోబోయే మనిషి ఆ తప్పు చేసిన చోటికి పోకుండా ఎట్లా? ఒకసారి ఆ బండ ముందు నిలబడి, తప్పు మన్నించమని మాపు అడుక్కుని వస్తే మేలనిపించింది.

"వస్తా పాపా. పొద్దు పొడిచేసరికి తయారుగా ఉండు" అంది.

ఆదివారం ఇద్దరూ పడమటి దారిన కొండెక్కారు. సగం ఎత్తుకు పోయి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఖాతూన్‌బీ వెనక్కి తిరిగి కిందికి చూసింది. ఇన్నేళ్లుగా కొండను కింది నుంచే చూసిన మనిషి ఇప్పుడు పైనుంచి ఊరిని చూసి అట్లే నిలబడిపోయింది. ఫ్యాక్టరీ పొగ ఆకాశంలోకి పోవడం లేదు. గొట్టంలోంచి లేచి, కొంత ఎత్తుకు పోయి, అక్కడేదో కనపడని కప్పు తగిలినట్టు ఆగి, పక్కకు తిరిగి, చదునుగా పరుచుకుని, మెల్లగా వచ్చి జేనుకొండ నడుముకు ఆనుకుంటోంది. చలికాలం పొద్దుపొద్దున ప్రతిరోజూ ఇదే జరుగుతుందని నందిని చెప్పింది. ఊళ్లో నిలబడి చూస్తే అది పొద్దుటి మంచులాగే ఉంటుంది గనక ఎవరూ పట్టించుకోరు.

"పొగ ఈడికి వస్తాదా?" అంది ఖాతూన్‌బీ.

"వస్తాది. బొగ్గులో గంధకం ఉంటాది అవ్వా. ఆ పొగ మంచులో కరిగి పులుపెక్కుతాది. రాతిపువ్వుకు వేరు లేదు గదా. మంచే దానికి నీళ్లు, గాలే దానికి తిండి. ఏది పెడితే అదే తింటాది పాపం."

నందిని ఒక బండ గుంటలో నిలిచిన మంచునీటిలో చిన్న కాగితం ముక్క ముంచింది. పసుపుపచ్చ కాగితం ఎరుపు తిరిగింది. పులుపు అంటే ఇదేనని చెప్పింది. తుమికి ఆకుల అంచులు తుప్పు రంగులో మాడి ఉన్నాయి. నారేపి మానుల కొసకొమ్మలు మోడుగా ఉన్నాయి. చెట్ల మొదళ్లలో నత్త గుల్లలు తెల్లగా పడి ఉన్నాయి. ఖాతూన్‌బీ ఒకటి తీసుకుంటే వేళ్ల మధ్య పొడైపోయింది. బతికిన నత్త ఒక్కటీ లేదు.

"పులుపు మట్టిలోకి దిగి సున్నాన్ని కరిగించి పట్టుకుపోతాది. సున్నం లేంది నత్తకు గుల్ల రాదు. నత్తగుల్ల తినంది పిట్ట గుడ్డుకు పెంకు గట్టిపడదు. కూర్చున్న తల్లి కిందనే చిట్లిపోతాది" అంది నందిని.

ఖాతూన్‌బీ వేళ్లకంటిన తెల్లటి పొడిని చూసుకుంది. ఎక్కడి బొగ్గు, ఎక్కడి పిట్ట గుడ్డు. ఇన్ని ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని ఇన్నేళ్లూ ఈ కొండ మీద తిరిగిన తనకు తెలియనే లేదు. ఆమెకు భయం వేసింది. ఆ భయంలో దర్గాలోకి అడుగు పెట్టినప్పుడు కలిగేలాంటి ఒక గౌరవం కూడా ఉంది.

ఇంకొంచెం పైకి పోతే జేనుబండ వచ్చింది. రెండు కొబ్బరిచెట్ల ఎత్తున నిలువుగా, నున్నగా ఉన్న బండ. దాని మీద జేనీగలు తేనెపట్లు పెట్టేవి. కొండకు ఆ పేరు వచ్చింది అందుకే. ఖాతూన్‌బీ కాపురానికి వచ్చిననాడు ఆ బండ నిండా పైనుంచి కిందిదాకా పసుపు, ఆకుపచ్చ, బూడిదరంగు మచ్చలుండేవి. ఎండ పడితే పండగనాడు కట్టిన చీరలా ఉండేది. ఇప్పుడు ఎవరో కడిగి పెట్టినట్టు ఉత్త రాయి ఉంది. ఒక్క మచ్చ లేదు, ఒక్క ఈగ లేదు.

ఖాతూన్‌బీ తల ఎత్తి చూస్తూనే ఉంది. జేనె తీసేవాళ్లు సైతం పైనుంచి మోకు కట్టుకుని, పట్టు కోసుకుని, రాయిని తాకకుండా లేచిపోయేవారు. అక్కడ గిల్లినవాళ్లు లేరు, గీకినవాళ్లు లేరు. ఆ మాట ఆమె మనసులో మెల్లగా తిరిగింది.

"ఆడికి ఎవరి చెయ్యి పోతాది?" అంది పైకే.

"ఎవరిదీ పోదు" అంది నందిని.

ఖాతూన్‌బీ ముందుకు కదిలింది. నడక జోరందుకుంది. కాళ్ల నొప్పులు ఏమయ్యాయో తెలీదు. జేనుబండ పక్కన మనిషి అడ్డంగా తిరిగితే గానీ పట్టని ఇరుకు ఒకటుంది. కొంగు బిగించుకుని ఆమె అందులో దూరింది. వెనక నందిని తన సంచీతో ఇరుక్కుని, లాక్కుని, మళ్లీ ఇరుక్కుని ఎట్లాగో బయటపడింది.

అవతల గాలి వేరు. రెండు బండల మడతలో, పడమటి పొగ చేరలేని చోట, చల్లటి తడి వాసన వచ్చింది. ఖాతూన్‌బీ నిలబడింది. చూసినకొద్దీ చూపు ఆనలేదు. బండల మీద, మానుల మీద, కొమ్మల మీద, రెమ్మల మీద, కింద పడిన పుల్లల మీద కూడా రాతిపువ్వే. బూడిదరంగుది, లేత ఆకుపచ్చది, గంధం రంగుది. కొన్ని రొట్టెల్లా గుండ్రంగా, కొన్ని గడ్డంలా వేలాడుతూ. మంచు తాగి ఉబ్బి, అంచులు ముడతలు పడి, పొద్దు తగిలిన చోటల్లా మెరుస్తూ. ఒక ఆకు మీద నత్త తన గుల్ల మోసుకుని తీరిగ్గా పోతోంది. నందిని సంచీ కింద పెట్టి మోకాళ్ల మీద కూలబడింది. పుస్తకం తీయలేదు, ఫోను తీయలేదు. ఖాతూన్‌బీకి కళ్ల నీళ్లు వచ్చాయి. చచ్చిపోయిందనుకున్న కొండ ఇక్కడ ఇంత అందంగా బతికి ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"ఇది ఒక ప్రాణం కాదవ్వా, రెండు" అంది నందిని, గొంతు తగ్గించి. "ఒకటి బూజు, ఇంకోటి పాచి. బూజు ఇల్లు కడతాది, నీళ్లు పట్టి పెడతాది. పాచి ఎండలో వంట చేస్తాది. ఒకటి లేక ఇంకోటి బతకదు. ఇట్ల వందల ఏండ్లు ఉంటాయి."

"అయితే మా ఇల్లే" అంది ఖాతూన్‌బీ కళ్లు తుడుచుకుంటూ. "వండేది ఆయప్ప, నీళ్లు మోసేది నేను."

నందిని నవ్వింది. నవ్వుతూనే అవతలి బండ వైపు నడిచి ఆగింది. "ఈడ చూడవ్వా, విచిత్రంగా ఉండాది. చుట్టూ పాత పువ్వు. నడుమ చాటంత మేర ఖాళీ, ఆ ఖాళీలో కొత్తది."

ఆ బండ ఏదో ఖాతూన్‌బీకి తెలుసు. చూడనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మాపు అడుక్కోవాలని వచ్చిన సంగతి గుర్తొచ్చి కొంగు దించింది. తను గీకిన తెల్లటి మచ్చ నడిమధ్యన, గుండ్రంగా, లేత బూడిదరంగులో ఒక పువ్వు ఉంది. దాని పక్కన ఇంకా చిన్నవి మూడో నాలుగో ఉన్నాయి. నందిని చిన్న స్కేలు పెట్టి కొలిచింది.

"ఏడాదికి గోరంత కూడా పెరగదిది. ఈ కొలతకు పది పన్నెండేండ్లు పట్టింటాది. ఈడ ఏం జరిగిందవ్వా అప్పుడు?"

అప్పుడు ఖాతూన్‌బీ చెప్పింది. అత్తగారు చెప్పిన మూడు మాటలూ, కరువూ, అట్లకాడా, తెల్లన్నమూ, అన్నీ చెప్పింది. జీవితంలో మొదటిసారి ఇంకొక మనిషికి చెప్పడం.

"మరుసటి ఏడు వచ్చి చూసినా. ఏమీ లేకపోయె."

"ఉండింటాదవ్వా. ఆవగింజంత ఉండింటాది. నీ కంటికి ఆనలేదు."

ఖాతూన్‌బీ తన అరచేతిని ఆ పువ్వు మీద, తాకకుండా, పెట్టి చూసింది. ఇంచుమించు అరచేతి అంతే ఉంది. తను ఇనుము పెట్టి గీకిన చోట, ఎవరూ చూడని చోట, తను ఆ రుచి మానుకుని ఏడుస్తున్న అన్నేళ్లూ ఇది గోరు గోరుగా మళ్లీ పెరుగుతూనే ఉంది. తను తాకని కొండ చచ్చింది. తను గీకిన బండ బతికింది.

ఆమెకు సంతోషం కలిగింది. వెంటనే దాని వెనక ఇంకొక బాధ వచ్చింది.

"పాపా, నేను నోరు కట్టుకుంటే కొండ మళ్లా పూస్తాదనుకుంటి. నా తప్పే అయింటే ఎంత బాగుండు. నేను మానుకుంటే సరిపోయేది" అంది. నందిని ఆమె చెయ్యి పట్టుకుంది.

పరీక్షకు కొంచెం పువ్వు కావాలని నందిని చిన్న కత్తి తీసింది. ఖాతూన్‌బీ ఆ కత్తిని సంచీలో వేయించింది. బిస్మిల్లా అని, పక్కనున్న ముదురు పువ్వు అంచున గోటితో ఇంత గిల్లి ఆమె చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం ఇమాంసాబు పెనుకొండలో పెళ్లి వంట ముగించుకుని, గిన్నెలో బిర్యానీ మిగుల్చుకుని వచ్చాడు. ఖాతూన్‌బీ పళ్లెం తెచ్చుకుని ఆయన ముందు కూర్చుంది.

"నాకూ పెట్టు."

ఇమాంసాబు చేతిలో గరిటె ఆగిపోయింది. "కడుపులో మంట?"

ఆమె సంగతంతా చెప్పింది. ఆయన గెడ్డం నిమురుకుంటూ విన్నాడు. చివరికి, "ఆ ఉరుసు బిర్యానీ అంత బాగుండిందంటే అదా సంగతి" అన్నాడు. తర్వాత, "చెయ్యి ఇరుగుతాదని నిన్ను ఎగదోసింది నేనే గదా ఖాతూన్. పన్నెండేండ్లు నువ్వొక్కదానివే మోసినావే" అన్నాడు. పళ్లెంలో తనే వడ్డించాడు.

ఖాతూన్‌బీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

"ఇది మన పువ్వు కాదు" అంది.

"మనది యాడుండాది? ఎనిమిదేండ్లాయె అంగడిదే వేస్తాండా. ఎవరూ కనిపెట్టలేదు, నువ్వు తప్ప."

ఆమె ఆ పళ్లెం ఖాళీ చేసింది గానీ, తింటున్నంతసేపూ కోపం పెరుగుతూ వచ్చింది. ఆ కోపం ఈసారి తన మీద కాదు.

సోమవారం బడి ఆవరణలో శామియానా వేశారు. అధికారులు ఒకవైపు, ఫ్యాక్టరీ వాళ్లు ఒకవైపు, ఊరివాళ్లు ఎదురుగా కూర్చున్నారు. నందిని వెనక వరుసలో తన కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఉంది. కలీముల్లా పెద్దమ్మను ముందుకు తీసుకుపోయి, మైకు ఆమె చేతికిచ్చి, తను కాగితం పరిచి సిరా డబ్బా మూత తీసి పట్టుకున్నాడు.

ఖాతూన్‌బీ జనం వైపు తిరిగి మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"నా పేరు ఖాతూన్‌బీ. పన్నెండేండ్ల కిందట ఈ కొండ మీద ఒక తల్లిపువ్వును అట్లకాడతో గీకినా. తప్పు చేసినా. నా మొగునికి గూడ నిన్నటిదాకా చెప్పలేదు. ఈ పొద్దు మీ అందరి ముందర చెప్తాండా."

జనంలో గుసగుసలు లేచాయి. ఫ్యాక్టరీ మనిషి ఒకాయన సంతోషంగా తలాడించాడు. కలీముల్లా సిరా డబ్బా దగ్గరగా జరిపాడు. ఆమె దాని వైపు చూడలేదు.

"నేను గీకింది ఒక్క బండ. నిన్న పోయి చూసొచ్చినా, అది మళ్లా పూసింది. వెనక కూర్చున్న ఆ పాప కొలిచింది. జేనుబండను నేను గీకలేదు, ఆడికి మనిషి చెయ్యి పోదు. నత్తల్ని నేను చంపలేదు. తక్కిన కొండంతా గీకినోళ్లు ఎవరో, వాళ్లూ నా మాదిరి లేసి, నేనే గీకినా అని చెప్పల్ల. వాళ్లు చెప్పినాక ఏలిముద్ర ఏస్తా."

అధికారి రాసుకుంటున్న కలం ఆపి ఆమె వైపు చూశాడు. జనంలో ఒకరిద్దరు మెడ తిప్పి, శామియానా అంచు కింద నుంచి కనిపిస్తున్న కొండ వైపు చూశారు. వాళ్లను చూసి ఇంకొందరు చూశారు. పొగ ఇంకా దాని నడుముకు ఆనుకునే ఉంది.

"అయిపోయిందామ్మా? మైకు ఇస్తావా?" అన్నారెవరో.

"ఇంగా లేదు. ఎవరూ లేయలేదు గదా" అంది ఖాతూన్‌బీ.

కలీముల్లా తల దించుకుని సిరా డబ్బాకు మూత పెట్టాడు. ఆమె మైకు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.